కుక్క కరిచింది, టీకా పడింది. సీరం కూడా కావాలా?

ఆదివారం సాయంత్రం వీధికుక్క మీ ఆరేళ్ల బాబును చెంప మీద, కుడిచేతి వేళ్ల దగ్గర కరిచింది. ఇంట్లో నీళ్లు పోసి కడిగి పసుపు అద్దారు. సోమవారం పొద్దున పీహెచ్‌సీలో టీటీ ఇంజెక్షన్, యాంటీ రేబిస్ టీకా మొదటి డోసు వేశారు. సీరం (గాయంలోనే వేసే రేబిస్ మందు) తమ దగ్గర లేదు, పెద్దాసుపత్రికి వెళ్లమన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు పక్క ఊళ్లో పసరు పోయిస్తే చాలంటున్నారు. కరిచిన కుక్క మళ్లీ కనబడలేదు. "టీకా ఎలాగూ పడింది కదా, సీరం తప్పదా? వచ్చే వారం వెళితే సరిపోదా?" అని అడిగారు.

తప్పదండీ. వచ్చే వారం దాకా ఆగొద్దు, ఈ రోజే బయల్దేరండి. మిగతాది దారిలో చదువుకోవచ్చు.

బయల్దేరే ముందు రెండు పనులు చేయండి. బాబు గాయాలను మళ్లీ సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. రెండు రోజులైపోయింది కదా అనుకోవద్దు, పసుపు పొర పోవడానికైనా కడగాలి. తర్వాత బట్టలన్నీ విప్పి, మంచి వెలుతురులో నిలబెట్టి తల నుంచి కాలి దాకా వెతకండి. జుట్టు పాయలు తీసి మాడు మీద, చెవి వెనక, మెడ మీద, వేళ్ల సందుల్లో, నోటి లోపలి అంచున చూడండి. పెద్ద గాయం రక్తం కారుతుంటే అందరి చూపూ దాని మీదే ఉంటుంది. జుట్టులో దాక్కున్న చిన్న పంటి గాటు ఎవరి కంటా పడదు. టీకా, సీరం రెండూ వేసినా పిల్లలు చనిపోయిన అరుదైన కేసులను వెనక్కి వెళ్లి పరిశీలిస్తే, సీరం పడకుండా వదిలేసిన ఇలాంటి గాయాలు బయటపడ్డ సందర్భాలు ఉన్నాయి. దొరికిన ప్రతి గాటునూ లెక్కపెట్టుకుని డాక్టరుకు చూపించండి.

టీకా కార్డు, బాబు బరువు (18 కిలోలన్నారు) గుర్తుపెట్టుకుని వెళ్లండి. ముందుగా ఫోన్ చేసి "రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ ఉందా" అని పేరు పెట్టి అడగండి, సీరం అసలు పేరు అదే. "కుక్క కాటు ఇంజెక్షన్ ఉందా" అని అడిగితే టీకా గురించి అనుకుని ఉందనే చెబుతారు. ఏరియా ఆసుపత్రి, జిల్లా ఆసుపత్రి, ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో (జీజీహెచ్) సాధారణంగా దొరుకుతుంది. హైదరాబాద్‌కు దగ్గరైతే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) కుక్క కాటు కేసులకు జనం ఎప్పటి నుంచో వెళ్లే చోట్లు. ఎక్కడా లేదంటే మందుల షాపులో కొని ఆసుపత్రిలో వేయించుకోవాలి.

ఇక సీరం ఎందుకో చెబుతాను. ఇది అర్థమైతే మిగతా నియమాలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, వాటంతట అవే తోస్తాయి.

రేబిస్ వైరస్ కుక్క చొంగలో ఉంటుంది. కాటుతో కండలోకి దిగి, కొంతకాలం అక్కడే ఉండి, దగ్గర్లోని నరం కొసను పట్టుకుంటుంది. చాలా వైరస్‌ల మాదిరి ఇది రక్తంలో తిరగదు. నరం లోపలి దారి గుండా మెల్లగా వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు చేరుతుంది. అందుకే చాలామందిలో జబ్బు బయటపడటానికి ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. కొందరిలో వారం పది రోజుల్లోనే రావచ్చు, అరుదుగా ఏడాది దాటాక రావచ్చు. మెదడుకు దారి ఎంత దగ్గరైతే గడువు అంత తక్కువ. కాలి పిక్క మీది కాటుకు, చెంప మీది కాటుకు ఇక్కడే తేడా. పైగా ముఖంలో, వేళ్ల కొసల్లో నరాలు దట్టంగా ఉంటాయి. మీ బాబుకు కరిచిన చోట్లు రెండూ అవే.

టీకా చేసే పని ఒంటికి యాంటీబాడీలు (వైరస్‌ను పట్టుకుని అడ్డుకునే రక్షక పదార్థాలు) తయారుచేసుకోవడం నేర్పడం. నేర్చుకోవడానికి ఒంటికి ఏడు నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ లోపు గాయంలో ఉన్న వైరస్‌ను అడ్డుకునేవాళ్లు లేరు. సీరం అంటే అప్పటికే తయారైన యాంటీబాడీలు. వాటిని తీసుకెళ్లి వైరస్ ఉన్న గాయంలోనే పోస్తే, నరంలోకి దూరకముందే పట్టుకుంటాయి. ఒక్కసారి నరంలోకి దూరాక వాటికి అందదు. మెదడుకు చేరి లక్షణాలు మొదలైతే నయం చేసే మందు ఈ రోజుకూ లేదు, దాదాపు అందరూ చనిపోతారు. టీకా పని మొదలయ్యేదాకా గాయానికి కాపలా కాసేది సీరమే. చెంప మీద కాటుకు ఆ కాపలా లేకుండా వదలకూడదు.

ఈ లెక్కలోనే "వచ్చే వారం" ఎందుకు కుదరదో కూడా ఉంది. టీకా మొదటి డోసు పడ్డ రోజు నుంచి ఏడు రోజుల లోపే సీరం వేయాలి. ఆ తర్వాత ఒంట్లో సొంత యాంటీబాడీలు రావడం మొదలవుతుంది. అప్పుడు సీరం వల్ల ఉపయోగం ఉండదు సరికదా, టీకా పనికి అడ్డం కూడా వస్తుంది. మీకు సోమవారం మొదటి డోసు పడింది. అంటే వచ్చే సోమవారంతో గడువు ముగుస్తుంది. అలాగని గడువు ఉంది కదా అని ఆదివారం దాకా కూర్చోకండి. వైరస్ గడువు చూసుకుని ఆగదు.

అన్ని కాట్లకూ సీరం అక్కర్లేదు. డాక్టర్లు మూడు తరగతులుగా చూస్తారు. కుక్కను నిమరడం, అన్నం పెట్టడం, గాయం లేని చర్మాన్ని నాకడం మొదటి తరగతి. కడుక్కుంటే చాలు, టీకా అక్కర్లేదు. రక్తం రాకుండా గోరు గీసుకుపోవడం, పళ్లు చర్మం మీద నొక్కుకోవడం రెండోది. కడగాలి, టీకా వేయాలి. చర్మం చీల్చుకుని రక్తం వచ్చిన కాటు లేదా గీరు, పాత పుండు మీద నాకడం, కంట్లోనో నోట్లోనో చొంగ పడటం మూడోది. ఇక్కడ కడగడం, టీకా, సీరం మూడూ కావాలి. రక్తం వచ్చిందో లేదో సందేహమైతే గాయం మీద కాస్త సర్జికల్ స్పిరిట్ అద్ది చూస్తారు. మంట పుడితే చర్మం చీలినట్టే. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, కేన్సర్ మందులు వాడుతున్నవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు రెండో తరగతి కాటుకు కూడా సీరం వేయించుకోవాలి. వాళ్ల ఒంట్లో టీకాకు స్పందన బలంగా ఉండకపోవచ్చు.

కడగడం గురించి ఇంకొంచెం చెప్పాలి. దీన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు, కానీ ఖర్చు లేకుండా ప్రాణం కాపాడే పని ఇదే. ఈ వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను కరిగించి వైరస్‌ను చంపుతుంది. ఒంటి సబ్బయినా, బట్టల సబ్బయినా, గిన్నెల సబ్బయినా ఫరవాలేదు. కుళాయి కింద పెట్టి, లేదంటే ఒకరు చెంబుతో ధారగా పోస్తుంటే ఇంకొకరు నురగ పట్టించి, గాయం లోపలికి నీళ్లు వెళ్లేలా గడియారం చూసి పదిహేను నిమిషాలు కడగాలి. మామూలుగా జనం ఒక నిమిషం కడిగి చాలనుకుంటారు. పదిహేను నిమిషాలంటే పిల్లవాడు ఏడుస్తుంటే చాలా ఎక్కువసేపు అనిపిస్తుంది, అయినా ఆపొద్దు. కంట్లో చొంగ పడితే సబ్బు లేకుండా మంచినీళ్లతోనే కడగాలి. తర్వాత పోవిడోన్ అయోడిన్ రాయవచ్చు. బ్రష్షుతో రుద్దడం, గాయం పిండి రక్తం తీయడం, నోటితో పీల్చడం పనికిరావు. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి, వేడి నూనె, ఆకు ముద్ద ఏదీ పెట్టొద్దు. అవి చర్మాన్ని రేపి, వైరస్‌ను నరాల కొసలకు ఇంకా దగ్గర చేస్తాయి. కట్టు కట్టకుండా గాలి తగిలేలా వదిలేయండి.

ఇప్పుడు సీరం. మూడు రకాలు దొరుకుతాయి. గుర్రపు రక్తం నుంచి తీసేది కిలో బరువుకు 40 యూనిట్లు. మనిషి రక్తం నుంచి తీసేది కిలోకు 20 యూనిట్లు. కొత్తగా ప్రయోగశాలలో తయారయ్యే మోనోక్లోనల్ యాంటీబాడీలు కూడా వచ్చాయి. వీటిలో ఒక రకానికి మోతాదు కిలోకు 3.33 యూనిట్లయితే ఇంకో రకానికి 40. కాబట్టి సీసా మీది పేరు చూసి లెక్క వేయాలి. ఒకదాని లెక్కతో ఇంకోటి వేస్తే మోతాదు తప్పుతుంది. 18 కిలోల బాబుకు గుర్రపు సీరమైతే 720 యూనిట్లు. సీసాలో మిల్లీలీటరుకు 300 యూనిట్లుంటే అది 2.4 మి.లీ. మనిషి సీరమైతే 360 యూనిట్లు. మిల్లీలీటరుకు 150 ఉన్న సీసా నుంచి అదీ 2.4 మి.లీ.యే వస్తుంది. గుర్రపు సీరం ధర వందల్లో, మనిషి సీరం ధర వేలల్లో ఉంటుంది. డబ్బు సర్దుబాటు కోసం రెండు రోజులు ఆగేకంటే ఈ రోజే గుర్రపు సీరం వేయించడం మేలు. ఇప్పుడు దొరికే శుద్ధి చేసిన గుర్రపు సీరంతో భయపడే రియాక్షన్ చాలా అరుదు.

ఎక్కడ వేస్తున్నారో మీరు కళ్లారా చూడాలి. సీరాన్ని గాయంలో, గాయం అంచుల చుట్టూ, లోతు దాకా సన్నటి సూదితో కొద్దికొద్దిగా ఎక్కించాలి. చెంప మీద, చేతి మీద, మీరు వెతికి పట్టుకున్న ప్రతి చిన్న గాటులోనూ వేయాలి. మొత్తం తీసి తుంటికో తొడకో ఒక్క పోటు పొడిస్తే గాయంలో కాపలా లేనట్టే. రద్దీ ఎక్కువగా ఉండే చోట్ల జరిగే పెద్ద పొరపాటు ఇది. అప్పుడు మొహమాటపడొద్దు. "సార్, గాయం చుట్టూ వేయండి" అని నెమ్మదిగా, గట్టిగా అడగండి. గాయాలు ఎక్కువై మందు చాలదనుకుంటే నార్మల్ సెలైన్ కలిపి పరిమాణం పెంచి అన్నింటికీ పంచుతారు. మోతాదు యూనిట్లను మాత్రం పెంచకూడదు. గాయాల్లోకి పట్టినంత ఎక్కించాక మిగిలితే దూరంగా కండలో వేయాల్సిన పని లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నుంచి చెబుతోంది. వేసినా నష్టం లేదు. వేళ్ల కొసల్లో మాత్రం ఎక్కువ ఎక్కిస్తే ఒత్తిడికి రక్తప్రసరణ ఆగే ప్రమాదం ఉంది, పట్టినంతే వేయాలి.

ఇది నొప్పి పుట్టే పని. చెంపలో సూది దిగుతుంటే బాబు కేకలు పెడతాడు. ఒకరు తల కదలకుండా రెండు అరచేతులతో పట్టుకోవాలి, ఇంకొకరు చేతులు, కాళ్లు పట్టుకోవాలి. పట్టుకునేవాళ్లు ధైర్యంగా ఉంటే డాక్టరు పని శుభ్రంగా పూర్తవుతుంది. తల్లి ఏడుపు ఆపుకోలేకపోతే తండ్రో మేనమామో లోపల ఉండటం మంచిది. వేశాక అరగంట నుంచి గంట సేపు అక్కడే కూర్చోండి. దద్దుర్లు, ఊపిరాడకపోవడం లాంటివి వస్తే వెంటనే వేయడానికి అడ్రినలిన్ సిద్ధంగా ఉంచుకుంటారు. ముందుగా చర్మ పరీక్ష చేసే ఆసుపత్రులు ఇంకా ఉన్నాయి. కానీ ఆ పరీక్షతో రియాక్షన్ వస్తుందో రాదో తేలదు, దాని కోసం చికిత్స ఆపకూడదు. గుర్రపు సీరం వేశాక వారం పది రోజులకు కొందరికి కీళ్ల నొప్పులు, ఒళ్లంతా దద్దుర్లు, జ్వరం రావచ్చు. మందులతో తగ్గిపోతుంది. దాని వల్ల టీకా డోసు మానొద్దు.

చెంప గాయం పెద్దదై కుట్లు కావాలన్నా సీరం ముందు, కుట్లు తర్వాత. సీరం వేశాక కొన్ని గంటలాగి, తప్పకపోతే రెండు మూడు వదులు కుట్లతో దగ్గరికి తెస్తారు. సీరం లేకుండా బిగించి కుట్టేస్తే సూది పోట్లతో వైరస్ లోపలికి వెళుతుంది. మచ్చ పడుతుందని ఆడపిల్లల విషయంలో కుటుంబాలు తొందరపెడతాయి, ఆ తొందర ప్రాణం మీదికి తెస్తుంది. మచ్చను తర్వాత సరిచేయించవచ్చు.

టీకా సంగతికి వస్తే రెండు పద్ధతులున్నాయి. ప్రభుత్వాసుపత్రుల్లో ఎక్కువగా వేసేది చర్మం పొరల మధ్య. ఒక్కోచోట 0.1 మి.లీ. చొప్పున రెండు భుజాలకు రెండు పోట్లు, 0, 3, 7, 28 రోజుల్లో. ప్రైవేటులో ఎక్కువగా కండలో వేస్తారు. ఒక్కసారికి ఒక పూర్తి సీసా, 0, 3, 7, 14, 28 రోజుల్లో. రెండూ సమానంగా కాపాడతాయి. మధ్యలో పద్ధతి మార్చకుండా మొదలుపెట్టినట్టే పూర్తి చేయడం మేలు. సున్నా రోజు అంటే కరిచిన రోజు కాదు, మొదటి డోసు పడ్డ రోజు. మీకు సోమవారం సున్నా కాబట్టి గురువారం రెండో డోసు, వచ్చే సోమవారం మూడోది, మొదటి డోసు నుంచి సరిగ్గా నాలుగు వారాలకు వచ్చే సోమవారం నాలుగోది. పిల్లలకు, పెద్దలకు టీకా మోతాదు ఒకటే. బరువును బట్టి మారేది సీరం మాత్రమే.

చర్మంలో వేసేటప్పుడు పైకి చిన్న తెల్లటి పొక్కు లేవాలి. నారింజ తొక్కలా గుంటలు కనబడే శనగ గింజంత ఉబ్బు అది. పొక్కు లేవకపోతే మందు లోపలికి జారినట్టు, పక్కనే ఇంకో పోటు వేయాలి. కొన్ని చోట్ల ఇన్సులిన్ సిరంజితో వేస్తారు. 40 గీతల సిరంజిలో 0.1 మి.లీ. అంటే నాలుగో గీత, 100 గీతల సిరంజిలో పదో గీత. రెండింటినీ తారుమారు చేస్తే ఒకదాంట్లో మోతాదు సగం కూడా పడదు, ఇంకోదాంట్లో రెట్టింపు దాటుతుంది. ఈ రంగంలో పనిచేసే స్టాఫ్ నర్సులు, ఏఎన్‌ఎంలు ఇది చదువుతుంటే సిరంజి అంచు మీది అంకె ఒకసారి చూసుకోండి. పిరుదుకు మాత్రం ఎప్పుడూ వేయకూడదు. అక్కడ కొవ్వులో చిక్కుకుని టీకా సరిగా పనిచేయదు. చిన్నపిల్లలకు భుజం చాలకపోతే తొడ ముందు పక్క వేస్తారు. సీరం వేసిన చోట గానీ, సీరం వేసిన సిరంజితో గానీ టీకా వేయకూడదు.

డోసు ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. వెంటనే వేయించుకుని, మిగతావి అదే ఎడంతో కొనసాగించాలి. "ఆలస్యమైపోయింది, ఇక దండగ" అని మానేయడమే ప్రమాదం. కంపెనీ మారినా ఫరవాలేదు. టీకాను షాపులో కొంటే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్లాస్కులో ఐస్ వేసి, సీసా ఐస్‌కు తగలకుండా గుడ్డ చుట్టి తీసుకెళ్లండి. గడ్డకడితే చెడిపోతుంది, సీరం కూడా అంతే.

గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు టీకా, సీరం రెండూ వేయవచ్చు. రేబిస్‌తో పోలిస్తే ఆలోచించాల్సినంత ప్రమాదం ఏదీ వాటిలో లేదు. పథ్యం అక్కర్లేదు. మాంసం, గుడ్డు, వంకాయ మానిపించాల్సిన పని లేదు, స్నానం చేయించొచ్చు. వేసిన చోట దురద, ఎర్రదనం, ఒక పూట జ్వరం మామూలే, పారాసెటమాల్ చాలు.

పసరు గురించి పెద్దవాళ్లతో వాదన పెట్టుకునే ముందు వాళ్ల నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. కరిచిన కుక్కల్లో ఎక్కువ వాటికి రేబిస్ ఉండదు. ఉన్న కుక్క కరిచినా ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు. అందుకే పసరు తాగినవాళ్లలో ఎక్కువమంది బతికే ఉంటారు, తాగకపోయినా బతికేవాళ్లే. ఊళ్లో వాళ్లు లెక్కపెట్టుకునేది ఆ బతికినవాళ్లనే. రెండు మూడు నెలలకు జబ్బు వచ్చి పోయిన మనిషిని చూసి "గాలి సోకింది" అనో "మెదడువాపు" అనో అనుకుంటారు, పసరు ఖాతాలో వేయరు. పెద్దవాళ్ల మనసు నొప్పించకుండా "సీరం, టీకాలు పూర్తయ్యాక చూద్దాం" అని చెప్పి ఈ రోజు బస్సెక్కండి. పసరు వాళ్లలో కొందరు ఇంగ్లిష్ మందు కలిపితే పని చేయదని టీకా మాన్పిస్తారు. దానికి మాత్రం ఎంత మాత్రం ఒప్పుకోవద్దు.

పెద్దవాళ్ల భయానికి ఇంకో కారణం కూడా ఉంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు వాళ్లు చూసినవాళ్లే. గొర్రె మెదడు కణజాలంతో తయారుచేసిన ఆ పాత టీకా మన దేశంలో 2004 చివరికల్లా ఆగిపోయింది. ఇప్పటి టీకా కణాల్లో పెంచినది. పద్ధతిని బట్టి భుజానికి నాలుగో ఐదో విడతలు వేస్తారు, అంతే.

కుక్క కనబడటం లేదన్నారు. కుక్కను, పిల్లిని పది రోజులు గమనించవచ్చు. వాటికి చొంగలో వైరస్ వచ్చాక పది రోజుల్లోపే జబ్బు ముదిరి చనిపోతాయి. పది రోజులకూ చురుగ్గా తింటూ తిరుగుతుంటే కరిచిన నాటికి చొంగలో వైరస్ లేనట్టే. అయితే ఆ పది రోజులూ చికిత్స ఆపి ఎదురుచూడకూడదు, మొదలుపెట్టి గమనించాలి. కుక్క బాగానే ఉంటే, కండలో వేసే పద్ధతిలో 14వ రోజు డోసు వదిలేసి 28వ రోజుది వేయించుకుంటారు. చర్మంలో వేసే పద్ధతిలో నాలుగూ పూర్తి చేస్తారు. మీ కుక్క దొరకలేదు కాబట్టి ఈ లెక్క మీకు వర్తించదు, అన్నీ పూర్తి చేయాల్సిందే. కోతి, ముంగిస, నక్క, ఆవు, గేదె విషయంలో ఈ పది రోజుల గమనింపు పనికిరాదు.

"టీకా వేసిన పెంపుడు కుక్కే", "చిన్న కుక్కపిల్లే" అని వదిలేయొద్దు. టీకా ఎప్పుడు వేశారో, సరిగా పడిందో తెలియదు. నెలల కూనలకూ రేబిస్ వస్తుంది. ఊళ్లో ఆవు మేత మానేసి, నోటి నుంచి తీగలుగా చొంగ కారుస్తూ, గొంతు మారి అదే పనిగా అరుస్తుంటే, గొంతులో ఏదో అడ్డం పడిందని నోట్లో చెయ్యి పెట్టి చూస్తారు. అది రేబిస్ కావచ్చు. గడ్డి కోసుకున్న చేతి మీద గీతలుంటే అది మూడో తరగతి. పశువైద్యుడు వచ్చేదాకా నోట్లో చెయ్యి పెట్టొద్దు. పెట్టి ఉంటే కడుక్కుని టీకాకు, చేతి మీద గీతలుంటే సీరానికి కూడా వెళ్లండి. ఆ పశువు పాలు కాచి తాగినవాళ్లకు భయం లేదు. ఇంట్లో ఎలుక కరిస్తే మన దగ్గర సాధారణంగా రేబిస్ టీకా అక్కర్లేదు.

మీ వీధిలో మిగతా పిల్లలను కూడా కూర్చోబెట్టి అడగండి. ఆ కుక్క ఇంకెవరినైనా కరిచిందేమో. తిడతారనో, ఇంజెక్షన్ వేస్తారనో పిల్లలు గాటును చొక్కా కింద దాచుకుంటారు. "చెబితే కొట్టను" అని ముందే మాటిచ్చి అడగాలి. ఎప్పుడో నెల కిందట కరిచిందని ఇప్పుడు బయటపడినా ఆలస్యమైందని వదలొద్దు. లక్షణాలు మొదలవనంత కాలం ఈ రోజే కరిచినట్టు భావించి, గాయాన్ని బట్టి సీరంతో సహా మొదలుపెడతారు.

రేబిస్ లక్షణాలు ఏమిటో కూడా చెబుతాను. పాత గాయం చోట చీమలు పాకినట్టు, దురద, మంట. జ్వరం, తలనొప్పి. తర్వాత నీళ్లు మింగబోతే గొంతు బిగుసుకుపోవడం, ఫ్యాను గాలి తగిలినా ఉలిక్కిపడటం. కొందరిలో ఇవేవీ లేకుండా కాళ్ల నుంచి పక్షవాతంలా పైకి పాకుతుంది. మీ బాబుకు టీకా వేసిన చోట దురద పెట్టినా, రెండు రోజులకు జలుబు జ్వరం వచ్చినా వీటితో పోల్చుకుని హడలిపోకండి, డాక్టరుకు చూపించండి. ఇంట్లో ఇతరులు బాబుతో కలిసి తినొచ్చు, పక్కన పడుకోవచ్చు.

సీరం వేయించాక కార్డు మీద మందు పేరు, ఎన్ని యూనిట్లు, ఏ తేదీ అన్నది రాయించుకోండి. నాలుగో డోసుకే ఎక్కువమంది వెళ్లరు. అప్పటికి గాయం మానిపోయి ఉంటుంది, బడి ఉంటుంది. ఆ సోమవారం తేదీని ఇప్పుడే గోడ క్యాలెండరులో గుండ్రంగా గీసి పెట్టండి. పూర్తయ్యాక కార్డును పడేయకుండా ఆధార్ కార్డుతో కలిపి దాచండి. రేపు మళ్లీ ఎప్పుడైనా కుక్క కరిస్తే ఆ కార్డు చూపించాలి. పూర్తి కోర్సు పడ్డవాళ్లకు రెండోసారి సీరం అక్కర్లేదు, 0, 3 రోజుల్లో రెండు డోసులు చాలు. మూడు నెలల లోపే కరిస్తే గాయం కడగడంతో సరిపోతుందని డాక్టరు చెప్పవచ్చు. కార్డు లేకపోతే మళ్లీ మొదటి నుంచి, సీరంతో సహా, చెంపలో సూదితో సహా అన్నీ వేయాల్సి వస్తుంది.